కంపచెట్టు పొగ, ప్రొపేన్ మంట

కిందటి వేసవిలో మా నాన్న కడప నుంచి డాలస్ వచ్చినప్పుడు, పెరట్లో నిలబెట్టి ఉన్న ఇనప పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి చూశారు. నిలువుగా, చిన్న బీరువాలా ఉంటుంది. అది ప్రొపేన్ స్మోకర్, అంటే గ్యాస్ వేడి మీద కట్టె పొగ పట్టించి మాంసాన్ని నిదానంగా వండే పొయ్యి. తలుపు తీస్తే అడుగున గ్యాస్ బర్నర్, దాని మీద కట్టెముక్కలు వేసే డబ్బా, ఆ పైన నీళ్ళ పళ్ళెం, ఇంకా పైన మాంసం పెట్టే జాలీ అరలు, నెత్తిన పొగ బయటికి పోయే దారి. పక్కన ప్రొపేన్ సిలిండర్. అంతా చూసి ఆయన ఒకటే అడిగారు. "గ్యాస్ ఉండగా మళ్ళీ కట్టెలెందుకురా?"

టెక్సాస్‌లో కట్టెల మీదే వండేవాళ్ళు ఇదే ప్రశ్నను తిరగేసి అడుగుతారు, కట్టెలుండగా గ్యాస్ ఎందుకని. రెండింటికీ జవాబు ఒకటే. మామూలు పొయ్యిలో కట్టె వేడినీ ఇస్తుంది, పొగనీ ఇస్తుంది. ఈ రెండు పనులకూ ఒకదానితో ఒకటి పొసగదు. మంట భగ్గున లేస్తే వేడి ఎక్కువ, పొగ తక్కువ. మంట అణిగితే పొగ ఎక్కువ, వేడి చాలదు. రెండూ సమంగా ఉండాలంటే గంటల తరబడి పొయ్యి దగ్గరే కూర్చుని కట్టెలు ఎగదోస్తూ ఉండాలి. ప్రొపేన్ స్మోకర్‌లో ఆ రెండు పనులూ విడిపోయాయి. వేడి సంగతి గ్యాస్ చూసుకుంటుంది. కట్టె రుచి కోసం మాత్రమే. ఆరేడు గంటల వంటకు నాలుగైదు గుప్పెళ్ళ ముక్కలు చాలు.

ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే కట్టెముక్కను చూసే చూపే మారిపోతుంది. కట్టెలో ముఖ్యంగా ఉండేవి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. మొదటి రెండూ చక్కెర అణువుల గొలుసులు. 200 డిగ్రీల సెల్సియస్ దాటాక ముందు హెమిసెల్యులోజ్, 300 దాటాక సెల్యులోజ్ విరిగిపోతాయి. పాకం ముదిరి ఎర్రబడుతున్నప్పుడు వచ్చేవాటి లాంటి తీపి వాసనలు, కాస్త పులుపు, మాంసానికి పట్టే ఆ బంగారు గోధుమ రంగు వీటివల్లే. చెట్టును నిటారుగా నిలబెట్టే గట్టి పదార్థం లిగ్నిన్. అది వేడికి విరిగి గయకాల్, సిరింగాల్ అనే పదార్థాలుగా మారుతుంది. "పొగ రుచి" అని మన నాలుక గుర్తుపట్టేది ఎక్కువగా గయకాల్‌ని, ముక్కు గుర్తుపట్టేది సిరింగాల్‌ని. పైన్ లాంటి చెట్లలో సిరింగాల్ ఇచ్చే రకం లిగ్నిన్ దాదాపు ఉండదు. పైగా జిగురు ఎక్కువ. అందుకే ఓక్, హికరీ, ఆపిల్, పెకాన్ కట్టెలు వాడతారు గానీ పైన్ జోలికి ఎవరూ పోరు.

బొగ్గు సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. కట్టె బొగ్గయ్యేటప్పుడే లిగ్నిన్ చాలావరకు విరిగి వెళ్ళిపోతుంది కాబట్టి బొగ్గుకు సొంతంగా పొగ రుచి పెద్దగా ఉండదు. హైదరాబాద్‌లో కూర గిన్నె మధ్య ఎర్రటి నిప్పుకణిక పెట్టి, నెయ్యి చుక్క వేసి మూత పెడతారే, ఆ ధుంగార్‌లో ఘుమఘుమ నెయ్యి కాలిన పొగది.

నేను కట్టెముక్కల ప్యాకెట్ విప్పగానే నాన్న ఒక ముక్క తీసి వాసన చూశారు. "ఇది మన కంపచెట్టు కదరా!" అన్నారు. చాలావరకు నిజమే. అది మెస్కీట్ కట్టె. టెక్సాస్ పొలాల్లో, బీళ్ళలో తెగ పెరిగే ఈ ముళ్ళచెట్టూ, మన దగ్గర సర్కారు తుమ్మ అనీ కంపచెట్టు అనీ పిలిచే చెట్టూ ఒకే ప్రజాతికి చెందిన అక్కాచెల్లెళ్ళు. సర్కారు తుమ్మ పుట్టిల్లు కూడా అమెరికా ఖండాలే. 1870ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ విత్తనాలు తెప్పించి మొదట నాటించిన చోట్లలో మా కడప జిల్లా కమలాపురం ఒకటి. వంటచెరకు కోసం తెచ్చిన ఆ చెట్టు తర్వాత చెరువుగట్లూ బీడుభూములూ ఆక్రమించింది. మా చిన్నప్పుడు ఇంట్లో పొయ్యికింద మండిందీ అదే. కట్టెల పొయ్యి మీద మా అవ్వ వండిన కూర రుచి ఇక దొరకదని నేను చాలాకాలం అనుకున్నాను. దానికి దగ్గరి చుట్టం ఇక్కడి సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లలో దొరుకుతోందని తెలిసిన రోజు నాకు పట్టలేని సంతోషం వేసింది.

అయితే కట్టె మంచిదైనంత మాత్రాన పొగ మంచిదవదు. మొదటిసారి నేను డబ్బా నిండా ముక్కలు కూరి కోడి తొడలు వండాను. తెల్లగా, దట్టంగా పొగ వచ్చింది. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. తింటే చేదు, నాలుక మొద్దుబారినట్టయింది. మూసిన డబ్బాలో గాలి చాలక కట్టె సగం సగం కాలితే తారు లాంటి పదార్థాలు పెద్ద పెద్ద బిందువులుగా పొగలో చేరతాయి. పెద్ద బిందువులు అన్ని రంగుల కాంతినీ ఒకేలా వెదజల్లుతాయి కాబట్టి ఆ పొగ తెల్లగా కనిపిస్తుంది. కట్టె శుభ్రంగా కాలినప్పుడు పొగలోని కణాలు కాంతి తరంగాల కంటే చిన్నవిగా ఉంటాయి. అవి నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లుతాయి, ఆకాశం నీలంగా ఉండే కారణమే ఇక్కడా. కాబట్టి కళ్ళతోనే రుచి చెప్పేయవచ్చు. పొగ పలచగా, కనీకనబడనట్టు నీలంగా ఉండాలి. మొదటి గంటల్లో ఒక్కో గుప్పెడు చొప్పున, ముప్పావు గంటకోసారి వేస్తే చాలు.

ముక్కల్ని నీళ్ళలో నానబెట్టమని చాలామంది చెబుతారు. నేను మానేశాను. తడి ఉన్నంతసేపు ఆ ముక్క 100 డిగ్రీలు దాటదు, అప్పటిదాకా వచ్చేది నీటి ఆవిరే. నానబెట్టడం వల్ల పొగ ఆలస్యమవుతుంది తప్ప మెరుగవదు. సన్నటి పేళ్ళ బదులు ఒకటిన్నర అంగుళాల మందం ముక్కలు వాడితే భగ్గున అంటుకోవు, నిదానంగా కాలతాయి.

పొగ పట్టాలంటే మాంసం చల్లగా, తడిగా ఉండాలి. స్నానాల గదిలో చల్లటి అద్దం మీదే ఆవిరి చేరినట్టు, పొగలోని పదార్థాలు చల్లటి తడి మీద త్వరగా చేరతాయి. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే లోపల పెడతాను. మొదటి రెండు గంటల పొగే అసలైనది. పొగలోని చాలా పదార్థాలు కొవ్వులో సులువుగా కరుగుతాయి. శనివారాలు అమ్మ మాంసం ముట్టదు, ఆ రోజు పనీర్ పెడితే అరగంటకే పొగ పట్టేసింది. వంకాయలు నూనె రాసి మెత్తబడేదాకా ఉంచి చేసిన పచ్చడి ఇంకా బాగుంది.

ఇక గ్యాస్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. సిలిండర్‌లో ఒత్తిడి మీద ద్రవంగా ఉంటుంది, వాల్వ్ తిప్పగానే ఆవిరై బయటికి వస్తుంది. మన ఇళ్ళలోని వంటగ్యాస్‌లో దీంతోపాటు బ్యూటేన్ కూడా కలుస్తుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది కాబట్టి మంచు పడే దేశాల్లో ఆరుబయట అది పనికిరాదు. గ్యాస్ ఎక్కువసేపు వాడితే సిలిండర్ చల్లబడి చెమర్చడం చూసే ఉంటారు. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని ఆ ఇనుము నుంచే లాక్కుంటుంది.

ప్రొపేన్ మండినప్పుడు బొగ్గుపులుసు వాయువుతోపాటు నీరు పుడుతుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలో 600 గ్రాములకు పైగా నీటి ఆవిరి. ఇక్కడి మామూలు 9 కిలోల సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 15 లీటర్ల నీరు పొగగొట్టంలోంచి పోయి ఉంటుంది! పెట్టెలోని గాలి తేమగా ఉండటానికీ, మాంసం పైభాగం తొందరగా ఎండిపోకుండా పొగను పట్టుకోవడానికీ ఇది మేలు చేస్తుంది. గ్యాస్‌తో వండితే అసలైన స్మోకింగ్ కాదనేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మాంసం కోస్తే అంచు వెంబడి కనిపించే గులాబీ రంగు పట్టీ విషయమూ అంతే. అది కట్టెలతోనే వస్తుందని ఒక నమ్మకం. మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు మాంసంలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్‌తో కలిస్తే ఆ రంగు నిలిచిపోతుంది. గ్యాస్ మంటలోనూ అవి పుడతాయి.

పెట్టెలో 107 నుంచి 121 డిగ్రీల మధ్య, అంటే ఇక్కడి లెక్కలో 225 నుంచి 250 ఫారన్‌హీట్ మధ్య, వేడి నిలపాలి. మంట తగ్గించడానికి గ్యాస్ మరనే తిప్పాలి, గాలి దారులు మూయకూడదు. మూస్తే మంటకు ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్, మసి పెరుగుతాయి. తలుపుకున్న థర్మామీటర్‌ను నేను నమ్మను, మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటర్ కొనాల్సిందే.

ఆ రోజు మేక ముందుకాలు, భుజంతో సహా, ఉప్పూ కారం అల్లంవెల్లుల్లి పట్టించి పెట్టాం. ముందుకాలు బాగా నడిచిన కండ, కండను గట్టిగా పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్ ఎక్కువ, తొందరగా వండితే తోలులా సాగుతుంది. టెక్సాస్‌లో పశువుల బ్రిస్కెట్, అంటే ఎద భాగం, ఇంత పేరు తెచ్చుకున్నదీ ఇలాగే. 19వ శతాబ్దంలో జర్మనీ, చెక్ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కసాయివాళ్ళు అమ్ముడుపోని మాంసానికి పొగబెట్టి అమ్మేవారు. గట్టి కండకు నిదానమే మందు.

మొదటి మూడు గంటలు మాంసం లోపలి వేడి చకచకా పెరిగింది. 68 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. అరగంటైనా కదల్లేదు. "గ్యాస్ అయిపోయిందేమో చూడు" అన్నారు నాన్న. గ్యాస్ ఉంది. పెట్టెలో వేడి 115. మొదటిసారి స్మోకర్ వాడే ప్రతివాళ్ళకీ టెన్షన్ పెట్టే ఘట్టం ఇదే. పెద్ద ముక్కలైతే గంటల తరబడి ఇలా ఆగిపోతాయి. కొలాజెన్ కరగడానికి వేడంతా ఖర్చవుతోందని, కాదు కొవ్వు కరుగుతోందని రకరకాలుగా చెప్పుకునేవారు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక చక్కటి ప్రయోగం చేశారు. మాంసంతోపాటు ఒక కొవ్వు ముద్దనూ, నీళ్ళలో ముంచిన స్పాంజినీ పొయ్యిలో పెట్టారు. కొవ్వు వేడి ఎక్కడా ఆగకుండా పెరిగింది. స్పాంజి మాత్రం మాంసంలాగే మధ్యలో ఆగిపోయింది. స్పాంజిలో కొలాజెన్ లేదు, కొవ్వూ లేదు, ఉన్నది నీళ్ళే.

నాన్నకు చెప్పడానికి నాకు ఒక్క మాట సరిపోయింది. "కుండలో నీళ్ళు చల్లబడినట్టే నాన్నా." మట్టికుండ పైకి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ళ వేడిని తీసుకుపోతుంది. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కేలరీలు చాలు, 100 డిగ్రీల నీటిని ఆవిరి చేయడానికి మరో 540 కావాలి. మాంసం కూడా అలాగే చెమటలు పడుతోంది. గ్యాస్ ఇచ్చే వేడీ, ఆవిరి తీసుకుపోయే వేడీ సమానమైన చోట థర్మామీటర్ అంకె ఆగిపోతుంది. పైన తడి తగ్గాక మళ్ళీ కదులుతుంది. ఓపిక లేకపోతే అల్యూమినియం ఫాయిల్‌లోనో, కసాయి దుకాణాల్లో వాడే మందపాటి కాగితంలోనో బిగించి చుట్టేస్తే ఆవిరికి దారి ఉండదు, వేడి పెరుగుతుంది. మేం చుట్టేశాం.

ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు నాన్న సిలిండర్ భద్రంగానే ఉంటుందా అని అడిగారు. జాగ్రత్తలు చెప్పకుండా ఈ వంట గురించి రాయడం నాకు ఇష్టం లేదు. స్మోకర్‌ను ఎప్పుడూ ఆరుబయటే పెట్టాలి. తలుపు తెరిచి ఉన్నా గ్యారేజీలో వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కారితే నేల మీదే పేరుకుంటుంది. దానికీ సొంత వాసన లేదు. మనకు తగిలే ఆ దుర్వాసన కావాలని కలిపిన ఇథైల్ మెర్కాప్టన్‌ది. గ్యాస్‌కు వాసన కలపడం చట్టం కావడం వెనక ఇక్కడి పెద్ద విషాదం ఉంది. 1937 మార్చి 18న డాలస్‌కు తూర్పున న్యూ లండన్ ఊరి బడి కింద వాసన లేని సహజవాయువు పేరుకుని పేలింది. దాదాపు 300 మంది పిల్లలు, టీచర్లు చనిపోయారు. సిలిండర్ బిగించిన ప్రతిసారీ గొట్టం కీళ్ళ మీద సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూస్తాను, అర నిమిషం పని.

పొగ గురించీ దాచకూడదు. పొగలో, కొవ్వు మంటలో పడినప్పుడు మరీ ఎక్కువగా, క్యాన్సర్ కలిగించే బెంజోపైరీన్ లాంటివి పుడతాయి. నీళ్ళ పళ్ళెం కొవ్వును మంట మీద పడనివ్వదు, అది ఈ స్మోకర్‌లో ఉన్న మంచి గుణం. అయినా పొగబెట్టి నిల్వచేసిన మాంసాలు సహా ప్రాసెస్డ్ మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మా ఇంట్లో ఇది నెలకోసారి, చుట్టాలు వచ్చినప్పుడు.

ఏడో గంటకు థర్మామీటర్ 94 చూపించింది. 70 దాటినప్పటి నుంచీ కొలాజెన్ మెల్లగా కరిగి జిలాటిన్ అవుతూ వచ్చింది. పాయా చారు చల్లారితే వేళ్ళకు జిగురుగా అంటుకునేది ఆ జిలాటినే. ముందు సిలిండర్ వాల్వ్ కట్టేసి, గొట్టంలో మిగిలిన గ్యాస్ మండి ఆరిపోయాక బర్నర్ మర తిప్పేశాను. మాంసాన్ని చుట్టిన కాగితంలోనే అరగంట ఉంచి, పళ్ళెంలో పెట్టి విప్పాం. నాన్న కత్తి కోసం చూడలేదు. ఎముక కొసను పట్టుకుని కొంచెం లాగారు. ఎముక శుభ్రంగా చేతికి వచ్చింది, మాంసమంతా పళ్ళెంలోనే ఉండిపోయింది.