స్కిజోఫ్రీనియా మందులు: అపోహలు - వాస్తవాలు

"మందులు వేసుకోవడం లేదండీ" అన్న మాట స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, అకారణంగా అనుమానాలు రావడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్నవారి గురించి మానసిక వైద్యుడిగా నేను ఓపీలో రోజూ వింటాను. ఆ మాట చెప్పేది తల్లో, అన్నో, భార్యో అయి ఉంటారు. మందులు వేసుకోవలసిన వ్యక్తి పక్కనే తలవంచుకొని కూర్చుంటారు. ఎందుకు వేసుకోవడం లేదని వారిని నేరుగా అడిగినవారు ఇంట్లో గానీ ఆసుపత్రిలో గానీ చాలా తక్కువ.

అపోహ: జబ్బు ఉందనే ఒప్పుకోని మనిషితో మందుల గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.

తనకు జబ్బు లేదని గట్టిగా నమ్మడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి; దాన్ని మొండితనంగా చూడకూడదు. అయితే జబ్బు లేదని వాదించే వ్యక్తే "ఈ మాత్ర వేసుకుంటే రాత్రి నిద్ర పడుతోంది, ఆ గొంతులు కాస్త దూరంగా వినిపిస్తున్నాయి" అని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. నిద్ర కోసమే వేసుకుంటానంటే మొదలుపెట్టడానికి ఆ కారణం చాలు, జబ్బు పేరు ఒప్పించేదాకా ఆగనక్కరలేదు. చికిత్స గురించీ, దాని దుష్ప్రభావాల గురించీ తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వ్యక్తికే ఇచ్చింది.

అపోహ: మందు మొదలుపెట్టాక అలజడి పెరిగితే జబ్బు ముదిరినట్టే.

అన్ని సందర్భాల్లోనూ కాదు. అకథీసియా అనే దుష్ప్రభావంలో మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, కాళ్ళు కదుపుతూనే ఉంటాడు, లోపల ఏదో తరుముతున్నట్టు ఉంటుందంటాడు. దాన్ని జబ్బుగా పొరబడి మోతాదు పెంచితే ఆ బాధ ఇంకా ఎక్కువవుతుంది. మోతాదు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనలాల్ వంటి మాత్ర జోడించడం వంటి మార్గాలున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడే ఇబ్బందులు వేరే ఉన్నాయి: నెలసరి ఆగిపోవడం, దాంపత్యంలో కోరిక తగ్గడం, కొన్ని నెలల్లోనే బాగా బరువు పెరగడం. వీటిని డాక్టరు ముందుగా అడగకపోతే చాలామంది చెప్పుకోరు, చెప్పకుండానే మాత్రలు మానేస్తారు. ఆ తప్పును రోగి మీద వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

అపోహ: ఇవి మత్తు మందులు, అలవాటైపోతాయి.

1952లో క్లోర్‌ప్రొమజీన్‌తో మొదలైన ఈ మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గిస్తాయి. మద్యంలా, పొగాకులా మళ్ళీ మళ్ళీ కావాలనే తహతహను కలిగించవు. హఠాత్తుగా ఆపితే నిద్ర చెడడం, వికారం వంటివి రావచ్చు కనుక, తగ్గించాలనుకున్నా డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. మానేసిన మరునాడే జబ్బు తిరగబెట్టదు. వారాలు, నెలలు బాగానే గడవచ్చు, పైగా మగత వదిలి ఒళ్ళు తేలికపడుతుంది. "మానేసినా బాగానే ఉన్నాను" అన్న నమ్మకం ఈ అనుభవం నుంచే పుడుతుంది. కానీ 2012లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణలో, ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించిన వారిలో 27 శాతం, ఆపేసిన వారిలో 64 శాతం. ఈ రెండు అంకెలనూ నేను రోగికే చెబుతాను, ఎందుకంటే మందు వేసుకున్నా తిరగబెట్టే వీలుందని దాచిపెడితే, తరువాత నేను చెప్పే మాటను ఆయన నమ్మరు.

అపోహ: తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో కలిపి పెడితే సరిపోతుంది.

ఇలా చేసే తల్లుల నిస్సహాయత నాకు తెలుసు, వారిని నేను కోప్పడను. అయినా, తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారన్న అనుమానం ఈ జబ్బులో తరచుగా కనిపిస్తుంది. ఒక్కసారి సంగతి బయటపడితే ఆ అనుమానం నిజమని తేలినట్టే, తరువాత అమ్మ చేతి అన్నం కూడా ముట్టరు. ఎందుకు మగతగా ఉందో, నాలుక ఎందుకు మొద్దుబారిందో తెలియని మనిషి, తనకేదో చేస్తున్నారనే అనుకుంటాడు. రోజూ మాత్ర మింగడమే బరువైతే, వారి ఒప్పుదలతో ఫ్లూఫెనజిన్ వంటి ఇంజెక్షన్‌ను రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి ఇవ్వవచ్చు. కొందరు దీన్ని శిక్షలా భావిస్తారు, మరికొందరు "మాత్ర వేసుకున్నావా అని ఇంట్లో రోజూ అడిగే బాధ తప్పింది" అంటారు. ఆయనకు ఏది నయమనిపిస్తుందో తెలుసుకోవడానికి, ఇంట్లోవారిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, ఆయనతో విడిగా మాట్లాడతాను.