ఓడలో ఆపేసిన వంటవాడు: జన్మతః పౌరసత్వం పేచీ వెనక కథ

అమెరికాలో జన్మతః పౌరసత్వం గొడవ మళ్లీ రాజుకోగానే మన ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. కూతురో కోడలో అక్కడ నెలలు నిండి ఉంటుంది. ఇద్దరివీ వీసాలే, గ్రీన్‌కార్డు వరుస ఏళ్లు గడిచినా కదలదు. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు దొంగచాటుగా సరిహద్దు దాటినవారికే అనుకుంటే పొరపాటు. తల్లి చదువుకో, ఉద్యోగానికో, చూసిపోవడానికో తాత్కాలిక వీసాపై వచ్చి ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, ఇకపై పుట్టే బిడ్డ పౌరుడు కాడని అందులో స్పష్టంగా ఉంది. సియాటిల్ కోర్టు మూడు రోజుల్లోనే దాన్ని ఆపింది. చివరికి 2025 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఈ ఉత్తర్వుపై వచ్చిన మరో వ్యాజ్యాన్ని విచారణకు తీసుకుంది.

అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయ్యాక 1868లో అమెరికా రాజ్యాంగానికి 14వ సవరణ వచ్చింది. అమెరికాలో పుట్టి, 'ఆ దేశ అధికార పరిధికి లోబడిన' వారంతా పౌరులని ఆ సవరణ చెబుతుంది. పేచీ అంతా ఈ 'లోబడటం' దగ్గరే. దానికి అర్థం తేల్చింది మాత్రం వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడి కేసు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని శాక్రమెంటో వీధిలో, కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇంట్లో వాంగ్ పుట్టాడు. తల్లిదండ్రులు చైనీయులు. వాళ్లెన్నేళ్లున్నా అమెరికా పౌరులు కావడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు. 1882 నుంచి చైనా కూలీలు రావడంపైనే నిషేధం. అందుకే 1894లో చైనా వెళ్తూ ఫొటో అంటించిన కాగితం ఒకటి వెంట తీసుకెళ్లాడు. అతను ఇక్కడే పుట్టాడని తెల్లవాళ్లు సంతకాలు చేసిచ్చిన కాగితం అది. 1895 ఆగస్టులో కాప్టిక్ ఓడలో తిరిగొస్తే కస్టమ్స్ అధికారి జాన్ వైజ్ దిగనివ్వలేదు. నువ్వు పౌరుడివి కాదు పొమ్మన్నాడు. పుట్టిన ఊరు కళ్లెదుటే ఉంది. నెలల తరబడి ఒక ఓడలోంచి మరో ఓడలోకి మారుస్తూ అతన్ని నీళ్లమీదే ఉంచారు.

1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6-2తో అతని పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ హొరేస్ గ్రే మినహాయింపులను ఒక్కొక్కటిగా చెప్పారు: విదేశీ రాయబారుల పిల్లలు, విదేశీ ప్రభుత్వ ఓడల్లో పుట్టినవారు, దేశంలో కొంత భాగాన్ని ఆక్రమించిన శత్రువుల పిల్లలు, తెగలకు కట్టుబడిన ఆదివాసుల పిల్లలు. తాత్కాలికంగా వచ్చినవారి ఊసు ఆ జాబితాలో లేదు.

ట్రంప్ ప్రభుత్వ న్యాయవాదులు పట్టుకున్నది వేరే మాట. వాంగ్ తల్లిదండ్రులకు అమెరికాలో 'శాశ్వత నివాసం' ఉందని తీర్పులో ఉంది కాబట్టి వీసాదారులకు అది వర్తించదంటారు. అమెరికా నేలమీద పుట్టడం ఒక్కటే చాలదంటూ, 1884లో జాన్ ఎల్క్ అనే ఆదివాసికి పౌరసత్వం లేదన్న తీర్పు రాసిందీ గ్రేనే అని గుర్తుచేస్తారు.

కానీ అదే 1898 తీర్పులో గ్రే, ఒకప్పటి అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ పాత అభిప్రాయాన్ని ఉటంకించారు. పరాయివాడు స్థిరపడే ఉద్దేశంతో వచ్చినా రాకపోయినా, ఈ నేలమీద ఉన్నంతకాలం ఇక్కడి చట్టానికి లోబడే ఉంటాడని దాని సారాంశం. హెచ్1బీపై పన్ను కట్టే మనిషి లోబడి లేడని ఎలా అంటారు? పైగా వాంగ్ తల్లిదండ్రులు 1890లోనే చైనా వెళ్లిపోయారు. వాళ్లు అక్కడున్నా కొడుకు పౌరసత్వం చెల్లింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1866లో సవరణపై సెనేట్ చర్చలోనే ఈ ప్రశ్న వచ్చింది. చైనీయుల పిల్లలూ పౌరులవుతారా అని పెన్సిల్వేనియా సెనేటర్ ఎడ్గర్ కోవన్ అభ్యంతరంగా అడిగారు. అవుతారు, దానికి నేను అనుకూలమేనని కాలిఫోర్నియా సెనేటర్ జాన్ కానెస్ జవాబిచ్చారు. ఆయన ఐర్లండ్‌లో పుట్టి వలస వచ్చిన మనిషి. సవరణ రాసినవాళ్లకు ఇది తట్టలేదన్న వాదన ఈ ఒక్క సంభాషణ ముందే నిలవదు.

గెలిచాక కూడా వాంగ్‌ను వదల్లేదు. 1901లో టెక్సస్‌లోని ఎల్‌పాసోలో, అక్రమంగా ఉంటున్న చైనీయుడంటూ అరెస్టు చేశారు. ఆ కేసు కొట్టేసేసరికి నెలలు పట్టింది. 1910లో పెద్దకొడుకు చైనా నుంచి వస్తే, అతను వాంగ్ కొడుకేనని నమ్మలేమంటూ అధికారులు తిప్పి పంపేశారు.