తలుపులు తీసింది కోపైలట్ కాదు

ఏఐ అసిస్టెంట్లు ఆఫీసుల్లోకి వచ్చినప్పటి నుంచి ఐటీ వాళ్ల నోట తరచుగా వినిపిస్తున్న మాట ఓవర్‌షేరింగ్, అంటే అవసరం లేనివాళ్లకు కూడా ఫైళ్లు తెరిచి ఉండటం. మైక్రోసాఫ్ట్ 2023 మార్చిలో, ఆఫీసు ఫైళ్లు చదివి జవాబులిచ్చే తన ఏఐ అసిస్టెంట్ కోపైలట్‌ను ప్రకటించి, అదే ఏడాది నవంబర్ 1 నుంచి పెద్ద సంస్థలకు అమ్మడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఒకటే భయం. ఎవరో ఒక ఉద్యోగి సరదాకి "మా డైరెక్టర్ల జీతాలెంత?" అని టైప్ చేస్తే, అది నిజంగానే ఫైలు వెతికి జవాబు చెప్పేస్తే ఏంటి పరిస్థితి? భయం నిజమే, కానీ నింద మాత్రం తప్పు చోట పడుతోంది. అడిగిన మనిషికి పర్మిషన్ లేని ఫైలు జోలికి కోపైలట్ వెళ్లదు. అంటే ఆ జీతాల ఎక్సెల్ షీటు ఆ ఉద్యోగికి ఎప్పటి నుంచో తెరిచే ఉంది, ఎక్కడుందో తెలియక చూడలేదంతే. మరి తెరిచిందెవరు అని అడిగితే, తిలా పాపం తలా పిడికెడు.

క్లౌడ్‌కు ముందు రోజుల్లో ఆఫీసులో ఒక ఫైల్ సర్వర్ ఉండేది, దాన్ని అందరి కంప్యూటర్లలో ఏదో ఒక డ్రైవ్ అక్షరంతో కనిపించేలా పెట్టేవాళ్లు. ఎవరికైనా ఫోల్డర్ కావాలంటే ఐటీకి మెయిల్ పెట్టాలి, మేనేజర్ సరేననాలి, అడ్మిన్ తీరిక చూసుకుని గ్రూపులో పేరు కలపాలి. ఇదంతా విసుగే, కాకపోతే మధ్యలో కనీసం ఒక మనిషి ఉండేవాడు. అలాగని ఆ రోజుల్లో అంతా కట్టుదిట్టంగా ఉండేదనుకోవద్దు. విండోస్ 2000 దాకా ఒక ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేస్తే దానంతటదే పడే సెట్టింగ్ 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్'. విండోస్ సర్వర్ 2003 వచ్చాక గానీ అది చదవడానికి మాత్రమే అన్న స్థాయికి తగ్గలేదు. ఇన్ని తలుపులు తెరిచి ఉన్నా పెద్దగా గొడవలు కాలేదంటే కారణం సెక్యూరిటీ కాదు, వెతకడం కష్టం కాబట్టి. పది అంతస్తుల ఫోల్డర్ల అడుగున, 'బడ్జెట్ ఫైనల్ కొత్తది 2' అనే పేరుతో ఉన్న ఫైలు ఎవడికి దొరుకుతుంది?

2001లో మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ మొదటి వెర్షన్ తెచ్చింది, ఆఫీసు ఫైళ్లను లోపలి వెబ్‌సైట్లలో పెట్టి పంచుకునే సాఫ్ట్‌వేర్ అది. ఇక్కడ అసలు మార్పు టెక్నాలజీలో కంటే అధికారంలో జరిగింది: సైట్‌లోకి ఎవరు రావాలో ఐటీ కాకుండా ఆ సైట్ ఓనర్ నిర్ణయించవచ్చు. డిపార్ట్‌మెంట్ సంగతి డిపార్ట్‌మెంట్‌కే తెలుసు కదా, ఆలోచన మంచిదే. షేర్‌పాయింట్‌లో సైట్ పర్మిషన్లు కిందున్న లైబ్రరీకి (ఫైళ్లు దాచే చోటు), ఫోల్డర్‌కి, ఫైలుకి వారసత్వంగా దిగుతాయి. ఎవరో ఒక ఫోల్డర్‌ని వేరే టీమ్‌లో ఒకరికి చూపించాల్సి వస్తే అక్కడ ఆ వారసత్వాన్ని తెంపేస్తారు, ఆ క్షణం నుంచి ఆ ఫోల్డర్ దారి దానిదే. తర్వాత మీరు సైట్ స్థాయిలో ఒకరిని తీసేసినా, ఆ ఫోల్డర్‌లో అతని పేరు విడిగా ఉంటే అలాగే ఉండిపోతుంది. ఇలా తెంపినవి ఒక లైబ్రరీలో 50,000 దాకా ఉండొచ్చని, 5,000 దాటకపోతే మేలని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఐదు వేల రకాల మినహాయింపులున్న లైబ్రరీని చూసి, ఇందులో ఎవరికి ఏం కనిపిస్తుందో చెప్పగలిగే ఓనర్ ఎవరైనా ఉంటారా?

ఆ తర్వాత వచ్చింది లింక్. గూగుల్ డాక్స్ 2006లో, డ్రాప్‌బాక్స్ 2008లో, గూగుల్ డ్రైవ్ 2012లో జనాల్లోకి వచ్చి, షేర్ చేయడమంటే ఒక అడ్రస్ కాపీ చేసి పంపడమే అనే అలవాటు నేర్పాయి. ఐటీ అనుమతి అక్కర్లేదు, ఓనర్ అనుమతీ అక్కర్లేదు, ఫైలు చేతిలో ఉన్న ప్రతివాడూ అడ్మినే. లింక్ పొడుగ్గా, ఎవరూ ఊహించలేనట్టు ఉంటుంది కాబట్టి భద్రమే అనుకున్నారు. ఊహించక్కర్లేదని 2014 మేలో తెలిసొచ్చింది. డ్రాప్‌బాక్స్‌లో షేర్ చేసిన డాక్యుమెంట్‌ని బ్రౌజర్‌లో చూస్తూ, అందులో ఉన్న ఏదైనా బయటి వెబ్‌సైట్ లింక్‌ని నొక్కితే, మీరు ఎక్కడి నుంచి వచ్చారో బ్రౌజర్ ఆ వెబ్‌సైట్‌కి చెబుతుంది. ఆ 'ఎక్కడి నుంచి' అన్నదే రహస్యంగా ఉండాల్సిన షేర్ లింక్! డ్రాప్‌బాక్స్ అలాంటి లింకుల్ని రద్దు చేయాల్సి వచ్చింది. గూగుల్ కూడా 2021 సెప్టెంబర్‌లో డ్రైవ్‌లోని కొన్ని పాత ఫైళ్ల లింకులకు అదనంగా ఒక తాళం చెవి లాంటి కోడ్ తగిలించింది.

అందరికీ పాఠం చెప్పే మైక్రోసాఫ్ట్ కూడా దీనికి అతీతం కాదు. వాళ్ల ఏఐ పరిశోధకులు, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టిన ఒక స్టోరేజ్ లింక్ ఇవ్వాల్సిన ఫోల్డర్‌కి బదులు మొత్తం అకౌంట్‌నే తెరిచి పెట్టింది. విజ్ అనే సెక్యూరిటీ కంపెనీ 2023లో బయటపెట్టేసరికి 38 టీబీ డేటా, అందులో ఉద్యోగులు టీమ్స్ అనే ఆఫీసు చాట్ యాప్‌లో పంపుకున్న 30,000కు పైగా మెసేజీలు బహిరంగంగా ఉన్నాయి. ఆ లింక్ గడువు ఎప్పటిదాకా పెట్టారో తెలుసా? 2051.

2011లో మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ప్యాకేజీ ఆఫీస్ 365 వచ్చాక ఈ రెండు ధోరణులూ, అంటే ఓనర్ చేతికి సైటూ అందరి చేతికి లింకూ, ఒకే చోట కలిశాయి. 2017లో టీమ్స్ వచ్చి చేరింది. టీమ్స్‌లో కొత్త టీమ్ సృష్టిస్తే వెనకాల ఒక షేర్‌పాయింట్ సైట్ కూడా పుడుతుందన్న సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు. చాట్ కోసం గదొకటి తెరిచామనుకుంటారు, నిజానికి ఫైళ్ల గోదాం కూడా తెరుస్తారు. ఆ టీమ్‌ని 'పబ్లిక్' అని పెడితే ఆ గోదాంకి 'ఎవ్రీవన్ ఎక్సెప్ట్ ఎక్స్‌టర్నల్ యూజర్స్' అనే గ్రూపు చేరుతుంది, అంటే కంపెనీ మొత్తం. 2020లో అందరూ ఇళ్ల నుంచి పనిచేయాల్సి వచ్చినప్పుడు ఇలాంటి టీములు కుప్పలుతెప్పలుగా పుట్టాయి. అప్పుడు ఆఫీసు నడవడమే గొప్ప, పర్మిషన్ల గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది?

ఈ ప్రమాదం గురించి హెచ్చరిక చాలా ముందే వచ్చిందన్నది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే విషయం. 2014లో మైక్రోసాఫ్ట్ డెల్వ్ అనే పేజీ తెచ్చింది. మీ చుట్టూ పనిచేసేవాళ్లు ఏ ఫైళ్లు తిరగేస్తున్నారో, అందులో మీకు పర్మిషన్ ఉన్నవాటిని కార్డుల్లా పేర్చి చూపించేది. జనం ఉలిక్కిపడ్డారు, నా ఫైలు వాడికెలా కనిపిస్తోందని. అప్పుడూ ఇదే జవాబు: డెల్వ్ పర్మిషన్లు మార్చదు, ఉన్నవే చూపిస్తుంది. చాలాచోట్ల అడ్మిన్లు ఏం చేశారు? డెల్వ్‌ని ఆపేసి ఊపిరి పీల్చుకున్నారు, పర్మిషన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. డెల్వ్ 2024 డిసెంబర్‌లో మూతపడింది, అది ఎత్తిచూపిన సమస్య మాత్రం కోపైలట్‌కి ఆస్తిలా దక్కింది.

ఇప్పుడు షేర్ డబ్బా తెరిస్తే ప్రధానంగా కనిపించేవి మూడు: లింక్ ఉన్న ఎవరైనా, సంస్థలో వాళ్లు, ఫలానా వ్యక్తులు. మొదటిది ప్రమాదమని అందరికీ తెలుసు, లాగిన్ కూడా అడగదు. చాలా సంస్థలు దాన్ని ఆపేశాయి లేదా గడువు పెట్టాయి. మొత్తం సంస్థకి పెట్టిన హద్దు కంటే ఏ సైట్‌కీ ఎక్కువ స్వేచ్ఛ ఇవ్వడం కుదరదు కాబట్టి ఈ బయటి గేటు కొంత సులువు. తిప్పలన్నీ రెండోదానితోనే. 'సంస్థలో వాళ్లు' అనే లింక్ తయారు చేయగానే ఫైలు అందరి సెర్చ్‌లోకీ వచ్చేయదు, ఎవరు ఆ లింక్‌ని నొక్కి తెరుస్తారో వాళ్లకే వస్తుంది. కానీ అదే లింక్‌ని ఎవరైనా పెద్ద గ్రూపులో పడేస్తే, నొక్కిన ప్రతివాడికీ ఆ ఫైలు మీద హక్కు వచ్చి అలాగే ఉండిపోతుంది, వాడు మర్చిపోయినా కోపైలట్ మర్చిపోదు.

మందులు లేకపోలేదు. 2024లో వచ్చిన రిస్ట్రిక్టెడ్ షేర్‌పాయింట్ సెర్చ్ అనే సెట్టింగ్ సంస్థ మొత్తానికి వర్తించే వెతుకులాటను 100 సైట్లకు మించకుండా బిగించి పెడుతుంది, కాకపోతే మనిషి ఇదివరకే తెరిచిన ఫైళ్లు, తనకు నేరుగా షేర్ అయినవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఇది కట్టు కట్టడమే తప్ప వైద్యం కాదు, మైక్రోసాఫ్ట్ కూడా దీన్ని తాత్కాలికం అనే చెప్పింది. దీనికంటే షేర్‌పాయింట్ అడ్వాన్స్‌డ్ మేనేజ్‌మెంట్ అనే అడ్మిన్ల టూల్ నయం. ఏ సైట్ ఎంతమందికి తెరిచి ఉందో రిపోర్టు తీసి, ఒకసారి చూసుకోండని ఆ సైట్ ఓనర్‌కే మెయిల్ వెళ్లేలా చేస్తుంది. మొదట్లో దీనికి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది, తర్వాత కోపైలట్ లైసెన్సులతో కలిపి ఇస్తున్నారు.

నన్నడిగితే ముందు చేయాల్సింది సెట్టింగుల్లో లింక్ షేరింగ్‌ని డిఫాల్ట్‌గా 'ఫలానా వ్యక్తులు' అని మార్చడం. పనిలో ఉన్న మనిషి వచ్చిన డబ్బాలో ఏముంటే అది నొక్కి ముందుకెళ్తాడు, అతనికి ట్రైనింగులు ఇచ్చి ఉపయోగం తక్కువ. ఆ తర్వాత ఓనర్ లేని సైట్ల జాబితా తీయాలి. రివ్యూ మెయిల్ వెళ్లాల్సిన ఓనర్ రెండేళ్ల క్రితమే ఉద్యోగం మానేసి ఉంటే ఎంత ఖరీదైన రిపోర్టయినా ఎవరూ చదవరు, కాబట్టి ప్రతి సైట్‌కీ కనీసం ఇద్దరు ఓనర్లు ఉండాల్సిందే.