చెక్క మీద తోలు తొడిగే పని: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట వైపు కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఫోన్‌లో ఫోటోలు పట్టుకొస్తున్నారు. మొసలి తోలు తొడిగిన టీపాయ్, చేప చర్మం అతికించిన డ్రాయర్లు. "అన్నా, ఇట్లాంటిదే కావాలె" అంటారు. చేయొచ్చు, కానీ ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

"పైన తోలు కప్పేస్తరు కదా, కింద ఏ కట్టె అయితే ఏంది?"

నేను ఎక్కువగా వినే మాట ఇదే, పనిని ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. చెక్కకు అతికించే తోలును చాలాసార్లు మిల్లీమీటరు కంటే పలచగా చెక్కుతాం, అంచుల దగ్గర ఇంకా పలచన. అంత పలచటి తోలు కింద మేకు తల, లప్పం గీత, చిత్రిక సరిగా పట్టని ఎత్తుపల్లం అన్నీ పైకి తేలతాయి, పాలిష్ పడ్డాక మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆదిలాబాద్ టేకు పెడితే ఇక తిరుగు లేదనుకుంటారు. కాళ్లకూ ఫ్రేముకూ టేకు బంగారమే, కానీ వెడల్పాటి పైభాగానికి మంచి ప్లైవుడ్డే వాడమంటాను, ఎందుకంటే ఏ కట్టెపలక అయినా వానాకాలం తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుంటుంది, రెండు పలకలు కలిసిన చోట ఆ గీత తోలు మీద పడుతుంది. పైగా టేకులో నూనె ఉంటుంది, థిన్నర్‌తో తుడవకుండా అతికిస్తే జిగురు పట్టదు.

సున్నంలో వేసి వెంట్రుకలు తీసి, సాగదీసి ఆరబెట్టిన మేక తోలు అయితే ఇంకా జాగ్రత్త కావాలి. దాన్ని నానబెట్టి తడిమీదే అతికిస్తాం, ఆరేకొద్దీ అది మంట దగ్గర పెట్టిన డప్పులా బిగుసుకుంటుంది. ఆ బిగువుకు పలచటి ప్లై వంగిపోతుంది కాబట్టి వెనకవైపు కూడా తోలు వేయాలి. "వెనక ఎవరు చూస్తరు, డబ్బు దండుగ" అని ఆపేవాళ్లకు నేను ఒప్పుకోను. ఈ తోలులోంచి వెలుతురు కొంచెం దూరుతుంది, కింద మరక ఉంటే అదీ కనిపిస్తుంది, అందుకే ముందు తెల్లటి పూత వేస్తాం. ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు, ఇటలీలో కార్లో బుగాట్టి అనే ఫర్నిచర్ డిజైనర్ 1902 నాటికే ఇలాంటి తోలు తొడిగి కుర్చీలు చేశాడు.

"ఒరిజినల్ మొసలి తోలు తెప్పిస్తం అన్నరు"

దయచేసి నమ్మకండి. మన మొసలి, కొండచిలువ, ఉడుము మూడూ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, వాటి తోలు వ్యాపారం చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. బయటి దేశాల నుంచి సరీసృపాల పచ్చి తోళ్ల దిగుమతిని కూడా కేంద్రం 2017 జనవరిలో ఆపేసింది. తాతల కాలం పులి చర్మం ఇంట్లో ఉంది, స్టూలుకు తొడుగుతారా అని అడిగేవాళ్లూ ఉన్నారు. పాతదైనా సరే, దాన్ని కొనడం అమ్మడం కుదరదు, నేను ముట్టుకోను.

బజార్లో "క్రోకోడైల్" అని దొరికేది దాదాపు అంతా అచ్చు వేసిన ఆవు, గేదె తోలే. అసలైన మొసలి తోలులో ఏ రెండు పొలుసులూ ఒక్కలా ఉండవు, ప్రతి పొలుసు మీదా సూది మొన అంత చుక్క ఉంటుంది. అచ్చులో కొంతదూరం పోయాక అదే నమూనా మళ్లీ వస్తుంది. అచ్చు తోలు అంటే చిన్నచూపు అక్కర్లేదు, గట్టి గేదె తోలు మీద లోతుగా వేసిన అచ్చు చాలా ఏళ్లు నిలుస్తుంది. మొసలి ధర వసూలు చేయడమే మోసం.

"చేప చర్మం మెత్తగా ఉంటది, కాఫీ పడితే పాడైతది"

నిజానికి తోళ్లలో గట్టిదే అది. ఎక్కువగా స్టింగ్ రే అనే చేపది. దాని మీది పూసలు మన పళ్ల పదార్థంతోనే తయారైనవి, కత్తి అంచు ఊరికే మొద్దుబారుతుంది. 18వ శతాబ్దంలో పారిస్‌లో గలుషా అనే పనివాడు దీన్ని పెట్టెలకు, ఒరలకు ఎంత అందంగా తొడిగాడంటే ఫ్రాన్స్‌లో ఆ తోలుకు ఆయన పేరే స్థిరపడింది. చర్మాలు చిన్నవి కాబట్టి పెద్ద బల్లకు చాలా ముక్కలు కలపాలి, ఖర్చంతా అక్కడే. కొన్ని రకాల రే చేపలు కూడా మన చట్టం రక్షణలో ఉన్నాయి, ఏ జాతిదో రాసిన బిల్లు లేకుండా తీసుకోవద్దు.

"జిగురు ఏదైనా ఒకటే"

కాదు. మన దగ్గర మే నెల ఎండకు కిటికీ పక్కన పెట్టిన బల్ల మీద చవక రబ్బరు జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి. తడి తోలుకు నీళ్లలో కలిసే జిగురే సరైనది.

"కొబ్బరినూనె రాస్తే మెరుస్తది"

మెరుస్తుంది, తర్వాత దుమ్ము పట్టి నల్లబడుతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు. తంగేడు బెరడుతో పదును చేసిన తోలు ఎండకు ముదురు రంగుకు తిరుగుతుంది, అది లోపం కాదు, నాకైతే ఆ రంగే ఇష్టం, కాకపోతే సగం ఎండ, సగం నీడ పడే చోట పెడితే రెండు రంగులు వస్తాయి. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. పాత నూలు దుప్పటి కప్పి, గోడకు కొంచెం జరిపి పెట్టండి.