ఎన్నికల వేళ మన ఫీడ్: అపోహలు – వాస్తవాలు

సోషల్ మీడియాలో ఏ పోస్టు ముందు కనిపించాలో, ఏది వెనక్కి పోవాలో తేల్చే ప్రోగ్రాములు, అంటే అల్గారిథమ్‌లు, రాయడం నా వృత్తి. అవి పేర్చి చూపే పోస్టుల వరుసే మన ఫీడ్. ఎన్నికలు వచ్చాయంటే బంధువులు, మిత్రులు నన్ను అడిగే ప్రశ్నల వెనుక ఈ అపోహలే ఉంటాయి.

అపోహ: అల్గారిథమ్ ఏదో ఒక పార్టీకి పనిచేస్తుంది.

వాస్తవం: పార్టీ పేరు రాసిపెట్టిన ప్రోగ్రామును నేనెన్నడూ చూడలేదు. రోజూ చూసేది పాయింట్ల పట్టిక. లైక్‌కు ఇంత, వ్యాఖ్యకు ఇంత, షేర్‌కు ఇంత. 2017లో ఫేస్‌బుక్ లెక్కలో లైక్‌కు 1 పాయింటు అయితే, కోపంతో ఎర్రబడ్డ ముఖం బొమ్మకు 5. అంటే, ఊరికి రోడ్డు వచ్చిందన్న పోస్టును ఐదుగురు మెచ్చుకుంటే ఎంతో, ప్రత్యర్థిని తిట్టిన పోస్టు చూసి ఒక్కరు మండిపడితే అంత! ఆ 5ను ఎవరో ఒక మనిషే కూర్చుని టైపు చేశారు. తర్వాత తగ్గిస్తూ వచ్చి, 2020 సెప్టెంబరులో సున్నా చేశారు. తప్పుడు సమాచారం తగ్గింది, జనం వాడకం మాత్రం తగ్గలేదు. ఆ సంగతి చదివినప్పుడు కలిగిన బాధ నాకింకా పోలేదు. ముందే చేయగలిగిన పని కదా అది!

పార్టీలు ఈ లెక్కను ఇట్టే పసిగడతాయి. 2018లో వ్యాఖ్యలకు, షేర్లకు ఫేస్‌బుక్ ప్రాధాన్యం పెంచాక, పోలండ్‌లోని ఒక పార్టీ ప్రచార బృందం తమ పోస్టుల్లో సగంగా ఉండే ప్రతికూల ప్రచారం 80 శాతానికి చేరిందని ఫేస్‌బుక్ పరిశోధకులకే చెప్పుకుంది.

అపోహ: పోస్టులను వచ్చిన వరుసలోనే చూపిస్తే ద్వేషం పోతుంది.

వాస్తవం: 2020 అమెరికా ఎన్నికలప్పుడు మూడు నెలలు అలా చూపించి పరిశీలించారు. అవతలి పార్టీపై జనం అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పైగా నమ్మదగని చోట్ల నుంచి వచ్చే పోస్టులు ఎక్కువయ్యాయి.

అపోహ: అయితే అల్గారిథమ్ ప్రభావమంతా ఉత్త మాటే.

వాస్తవం: తొందరపడకండి. 2024 అమెరికా ఎన్నికలప్పుడు ఎక్స్ (పాత ట్విట్టర్) వాడే 1,256 మందితో ప్రయోగం చేశారు. అవతలి పార్టీపై విషం కక్కే పోస్టులను కొందరికి కిందికి జరిపారు, మరికొందరికి పైకి తెచ్చారు. పది రోజుల్లోనే అవతలి పార్టీవారిపై అభిప్రాయం 100కు సుమారు 2 పాయింట్లు మారింది. మొదటివారిలో మెరుగైంది, రెండోవారిలో దిగజారింది.

అపోహ: వాట్సాప్ గ్రూపులో గొడవలూ అల్గారిథమ్ పనే.

వాస్తవం: కాదు. అక్కడ ఫార్వర్డులను ఏరి పెట్టే యంత్రం లేదు. పంపింది బాబాయో, మేనత్తో. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వదంతులు ప్రాణాలు తీశాక, 2018లో మన దేశంలో ఒకేసారి 5 చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ పరిమితి పెట్టింది అందుకే.