కడుపులో మరిచిపోయిన గుడ్డ: తప్పెవరిది?

2019 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఒక మహిళ కడుపు ఎక్స్‌రేలో ఫోర్సెప్స్ (ఆపరేషన్‌లో వాడే పట్టకారు) కనబడింది. మూడు నెలల కిందట ఆమెకు ఆపరేషన్ జరిగింది అక్కడే. అప్పుడు అందరూ అడిగింది ఒక్కటే: ఏ డాక్టరు మరిచిపోయాడు?

నిజానికి లోహపు పరికరం కంటే లోపల ఎక్కువగా మిగిలిపోయేది రక్తం అద్దడానికి వాడే గుడ్డ. రక్తంలో తడిశాక పేగుల మధ్య దాన్ని గుర్తుపట్టడం కష్టం. అందుకే ఇప్పుడు ఆ గుడ్డల్లో ఎక్స్‌రేకి కనబడే దారం వేస్తున్నారు.

1963 జులైలో మహారాష్ట్రలోని ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన ఒకావిడకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. జ్వరం, నొప్పి తగ్గలేదు. ఆరో రోజున మళ్లీ పొట్ట కోస్తే లోపల తువ్వాలు దొరికింది, చుట్టూ చీము. జులై 24న ఆమె చనిపోయింది. కుటుంబం కోర్టుకెళ్తే కింది కోర్టు 36 వేల రూపాయలు ఇవ్వమంది, హైకోర్టు కాదంది. 1996లో సుప్రీంకోర్టు మళ్లీ కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. 33 ఏళ్లు! కడుపులో తువ్వాలు వదిలేయడమే నిర్లక్ష్యమని, చేసిందెవరో తేల్చలేకపోయినా ప్రభుత్వానిదే బాధ్యతని చెప్పింది.

ఎవరో తేల్చడం ఎందుకంత కష్టమో 2003లో అమెరికాలో సర్జన్ అతుల్ గవాండే బృందం చేసిన అధ్యయనం చూస్తే తెలుస్తుంది. వాళ్లు మసాచుసెట్స్‌లో ఇలాంటి 54 మంది రోగుల రికార్డులు తిరగేశారు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా నర్సులు గుడ్డలూ పరికరాలూ లెక్కపెడతారు కదా. అలా లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతం రికార్డుల్లో లెక్క సరిపోయినట్టే రాసి ఉంది. ఎమర్జెన్సీ ఆపరేషన్లలో ఇలా మిగిలిపోయే ముప్పు దాదాపు 9 రెట్లు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఆపరేషన్ల భద్రతా చెక్‌లిస్టుకు నాయకత్వం వహించింది కూడా గవాండేనే. రోగి థియేటర్ దాటేలోపు లెక్క సరిపోయిందని నర్సు పైకి చెప్పాలన్నది అందులో ఒక నియమం.

మన దగ్గర మాత్రం ఇంకో చిక్కు ఉంది: వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. ముంబైలో 1993 ఆపరేషన్‌లో మిగిలిన గుడ్డ 2002లో బయటపడింది. రోగి 2004లో ఫిర్యాదు చేస్తే, 2010లో సుప్రీంకోర్టు గడువు దాటిందంటూ కొట్టేసింది. తొమ్మిదేళ్లు నొప్పి పడుతూ, స్వయంగా నర్సు అయ్యుండి, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఆమె తిరిగి ఎందుకు వెళ్లలేదని కోర్టు అడిగింది. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది. లోపల గుడ్డ ఉందని తెలియని మనిషికి గడువు ఎప్పుడు మొదలైనట్టు?