తన జీతం బిల్లు మీద తన సంతకం

ప్రియమైన పిల్లలకు,

మొన్న టీవీలో ఎమ్మెల్యేల జీతాల వార్త వస్తుంటే మీరు అడిగారు కదా, “తాతయ్యా, వాళ్ల జీతం వాళ్లే పెంచుకోవచ్చా?” అని. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. కానీ ముప్పై ఏళ్లు జీతాల బిల్లులు రాసిన గుమస్తాకు ఆ ప్రశ్న అంత తేలిగ్గా వదలదు.

మా ఆఫీసులో ఏడాదికోసారి వచ్చే నా ఇంక్రిమెంటు కాగితాన్ని నేనే తయారుచేసేవాణ్ని. సర్వీసు రిజిస్టరు తీసి, పాత మూలవేతనం, కొత్త మూలవేతనం, అమలయ్యే తేదీ అన్నీ నా చేత్తోనే రాసేవాణ్ని. కింద సంతకం చోటు మాత్రం ఖాళీగా వదిలి పైఅధికారి బల్ల మీద పెట్టాలి. ఆయన సెలవులో ఉంటే నా ఇంక్రిమెంటూ సెలవులోనే. నాలుగు రూకల కోసం ఇంత తతంగమా అని విసుక్కున్న రోజులున్నాయి. ఆ ఖాళీ ఎందుకుందో ఎమ్మెల్యేల జీతాల చట్టాలు చదివాక బాగా అర్థమైంది.

రాజ్యాంగంలోని 195వ అధికరణ ప్రకారం శాసనసభ, శాసనమండలి సభ్యుల జీతభత్యాలను ఆ రాష్ట్ర చట్టసభే చట్టం చేసి నిర్ణయిస్తుంది. ఎంపీల విషయంలో ఆ అధికారాన్ని 106వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. హైకోర్టు జడ్జీల జీతం జడ్జీల చేతిలో లేదు, పార్లమెంటు నిర్ణయించాలి. మా బోటి ఉద్యోగులు పీఆర్సీ (జీతాల సవరణ సంఘం) వేయాలి, నివేదిక రావాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి అంటూ ఏళ్లకేళ్లు ఎదురుచూస్తారు. కాగితం రాసేదీ, సంతకం పెట్టేదీ ఒకే చేయి కావడం చట్టసభల్లోనే కనిపిస్తుంది.

రాజ్యాంగం రాసినవాళ్లు ఇది గమనించలేదనుకోకండి. సభ్యుల జీతం మంత్రుల చేతిలో పెడితే, ఎదురు ప్రశ్న వేసిన సభ్యుడి పొట్ట మీద కొట్టవచ్చు. ఖజానా తాళం సభ దగ్గరే ఉండాలన్న ఆలోచన సరైనదే. తన జేబు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తాళం మనిషిని పరీక్షిస్తుంది. 2017 జూలైలో తమిళనాడు సభ ఎమ్మెల్యేల నెలసరి మొత్తాన్ని 55 వేల నుంచి 1.05 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆ రాష్ట్ర రైతులు అప్పులు మాఫీ చేయమని ఢిల్లీలో ధర్నా చేస్తున్నారు. సభలో ఎవరికీ ఆ తేదీ ఇబ్బందిగా తోచినట్టు లేదు.

అయితే జీతమే వద్దు, సేవ ఉచితంగా చేయాలి అనేవాళ్ల మాట నమ్మకండి. వినడానికి అది గొప్పగా ఉంటుంది, లాభపడేది మాత్రం డబ్బున్నవాడే. బ్రిటన్‌లో 1911 దాకా పార్లమెంటు సభ్యులకు జీతం లేదు. గనుల్లోంచి, ఫ్యాక్టరీల్లోంచి గెలిచి వచ్చిన వాళ్లను కార్మిక సంఘాలు చందాలతో పోషించేవి. అలా సంఘాల డబ్బు వాడకూడదని 1909లో కోర్టు తీర్పు చెప్పింది. ఇక జీతం ఇవ్వక తప్పలేదు, ఏడాదికి 400 పౌండ్లు పెట్టారు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో ఇప్పటికీ రాష్ట్ర చట్టసభ సభ్యుడికి ఏడాదికి 100 డాలర్లే. 1889లో రాసుకున్న అంకె అది. కూలి పని మానుకుని ఆ డబ్బుతో ఎవరు రాగలరు? పెన్షన్ వచ్చేవాళ్లూ, ఆస్తి ఉన్నవాళ్లూ రాగలరు.

అందుకే ఎంత ఇవ్వాలన్నది నాకు రెండో ప్రశ్న. అసలు అంకె ఎక్కడ దాగుతుందో ముందు చూడమంటాను. తెలంగాణలో 2016లో ఎమ్మెల్యేల నెల మొత్తాన్ని 2.5 లక్షలు చేశారు. ఆ చీటీ విప్పి చూస్తే జీతం అన్న గడిలో 20 వేలు, నియోజకవర్గ భత్యం అన్న గడిలో 2.3 లక్షలు కనిపిస్తాయి. నియోజకవర్గ భత్యానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. మొత్తంలో పన్నెండో వంతు కూడా లేని గడికి జీతమని పేరు పెడితే, గుమస్తాగా నాకు చేతులు దురద పెడతాయి. నిజంగా ఆఫీసుకూ, తిరుగుళ్లకూ ఖర్చవుతుంటే రసీదులు పెట్టి తీసుకోవాలి. జీతమే అయితే జీతం గడిలోనే వేసి పన్ను కట్టాలి.

ఇక ఎవరు నిర్ణయించాలి? పార్లమెంటు 2018లో ఒక దారి వెతికింది. ఎంపీల జీతం లక్ష చేసి, అయిదేళ్లకోసారి ధరల సూచీని బట్టి దానంతటదే పెరిగేలా చట్టం మార్చింది. ఆ లెక్కన 2023 ఏప్రిల్ నుంచి అది 1.24 లక్షలైంది. మాటిమాటికీ బిల్లు పెట్టి మాటలు పడే బాధ తప్పింది, మంచిదే. కానీ మొదటి లక్ష ఎవరు రాశారు? వాళ్లే.

నాకు నచ్చింది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం పద్ధతి. 1986లో అక్కడ రాజ్యాంగం సవరించి జీతాల కమిషన్‌ను తెచ్చారు. ఒక్కో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గం ఓటర్ల జాబితాలోంచి ఒక్కో మనిషిని లాటరీ తీసి కూర్చోబెడతారు. టీచరు కావచ్చు, లారీ డ్రైవరు కావచ్చు. వాళ్లతోపాటు వ్యాపారం, న్యాయం, కార్మిక సంఘాలు వంటి రంగాల వాళ్లు కొందరుంటారు. పదవుల్లో ఉన్నవాళ్లకూ, లాబీయింగ్ చేసేవాళ్లకూ (చట్టాలు తమకు అనుకూలంగా చేయించుకోవడానికి సభ్యుల చుట్టూ తిరిగేవాళ్లకూ) చోటు లేదు. వాళ్లు తేల్చిన అంకెను సభ దిద్దలేదు. ప్రజలకు నచ్చకపోతే ఓటుతో రద్దు చేయవచ్చు. మన సభలు కూడా 195వ అధికరణ కిందే ఇలాంటి చట్టం చేసుకోవచ్చునని నా అభిప్రాయం. అడ్డం వచ్చేది రాజ్యాంగం కాదు, మనసు.

దానికి నేను ఒక్క షరతు జోడిస్తాను. పెంపు ఏదైనా వచ్చే ఎన్నికల తర్వాత గెలిచే సభకే వర్తించాలి. పెంపుకు ఓటేసిన సభ్యుడికి ఆ డబ్బు దక్కుతుందో లేదో తెలియనప్పుడు చేయి కాస్త నిదానంగా లేస్తుంది.

ఈ షరతు నా సొంతం కాదు. అమెరికా కాంగ్రెస్ కోసం ఆ దేశ రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ 1789లోనే దీన్ని రాజ్యాంగ సవరణగా ప్రతిపాదించాడు. తగినన్ని రాష్ట్రాలు ఒప్పుకోక అది మూలన పడింది. 1982లో గ్రెగరీ వాట్సన్ అనే టెక్సస్ విద్యార్థి, దానికి గడువు లేదు కాబట్టి అది ఇంకా బతికే ఉందని కాలేజీలో వ్యాసం రాశాడు. వచ్చింది ‘సి’ గ్రేడు. కుర్రాడికి ఒళ్లు మండి ఒక్కో రాష్ట్రానికీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. పదేళ్లు రాశాడు. 1992లో ఆ సవరణ రాజ్యాంగంలో చేరింది. ఆ ‘సి’ని విశ్వవిద్యాలయం ‘ఎ’గా మార్చడానికి మాత్రం 2017 దాకా పట్టింది. అక్కడా సంతకం పెట్టాల్సినవాళ్లు సెలవులో ఉన్నట్టున్నారు.

ప్రేమతో,
మీ తాతయ్య